తోడు పోయిన ఏడాది వచ్చే క్రిస్మస్

(ఆగమన కాలపు మొదటి వారంలో సికింద్రాబాద్‌లోని ఒక సంఘపు హాలులో, భర్తను గానీ భార్యను గానీ పోగొట్టుకున్నవారి కోసం జరిగిన కూడికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది. వక్త పదవీ విరమణ చేసిన నర్సు.)

అయ్యగారికి, అమ్మగారికి, ఈ సాయంత్రం మనసు కూడగట్టుకుని ఇక్కడిదాకా వచ్చిన మీకందరికీ ప్రభువు నామమున వందనాలు. మనసు కూడగట్టుకుని అని ఎందుకన్నానో మీకు తెలుసు. మీలో కొందరు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోదామా అని నిలబడి ఉంటారు. కొందరిని కూతురో కోడలో ఆటో ఎక్కించి పంపి ఉంటారు. వెనుక వరుసలో కూర్చున్న అన్నయ్యలు మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే వెళ్లవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కన్నీళ్లు వస్తే రానివ్వండి. ఈ హాలులో ఈ పూట ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పనక్కర లేదు.

నేను మాట్లాడవలసినది ఒకే ఒక విషయం. తోడు పోయిన తర్వాత వచ్చే మొదటి క్రిస్మస్‌ను ఎలా దాటాలి, ఆ దాటడంలో మన విశ్వాసం ఎక్కడుంటుంది? మొదటిది అన్నాను గానీ, రెండోది మొదటిదానికన్నా కష్టంగా ఉందని చెప్పినవారు నాకు తెలుసు. మొదటి ఏడాది చుట్టూ అందరూ ఉంటారు, రెండో ఏడాదికి ఎవరి పనుల్లో వారు పడిపోతారు.

డిసెంబరు వస్తే మన సికింద్రాబాద్ ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు. జనరల్ బజారులో స్టార్లు వేలాడదీస్తారు, బేకరీల ముందు ప్లమ్ కేకుల డబ్బాలు పేరుస్తారు, సెమీ క్రిస్మస్ కూడికల కరపత్రాలు ఇంటికి వస్తూనే ఉంటాయి. మిగతా పదకొండు నెలల్లో దుఃఖాన్ని ఎలాగో ఒక పక్కన పెట్టి పని చేసుకోగలిగిన మనిషిని ఈ ఒక్క నెల ఎందుకు ఇంతగా కూలదోస్తుంది? పండుగ అంటే ప్రతి ఏడూ అదే పనిని అదే మనుషులతో చేయడం కనుక. పిండి కలిపేటప్పుడు పాకం చూసేది ఒకరు, నూనె దగ్గర నిలబడేది ఒకరు. స్టార్ కట్టేటప్పుడు నిచ్చెన ఎక్కేది ఒకరు, కింద పట్టుకునేది ఒకరు. ఆ ఒకరు లేనప్పుడు నిచ్చెన ముందు నిలబడిన మనిషికి జరిగినదంతా మళ్లీ కొత్తగా తెలుస్తుంది. వార్డుల్లో ఇన్నేళ్లు పనిచేసి ఎన్నో మరణాలు దగ్గరనుంచి చూసిన నాకు కూడా, మా ఆయన పోయాక, మా అటక మీద వెదురు బద్దలతో ఆయన కట్టిన స్టార్ ఒక పక్క గ్లేజు కాగితం చిరిగి దుమ్ము పట్టి ఉండడం చూసినప్పుడు తెలిసినంతగా, ఆయన లేరన్న సంగతి అంతకుముందు ఎప్పుడూ తెలియలేదు.

ఆ ఏడాది జరిగిన ఒక సంగతి చెబుతాను. మన యువకులు అర్ధరాత్రి దాటాక క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ వస్తారు గదా. మా వీధిలోకీ వచ్చారు. గిటారు, డోలక్ వినబడుతున్నాయి. నేను లేచి ముఖం కడుక్కుని, తలుపు గడియ తీసి వెనకాలే నిలబడ్డాను. మా గేటు దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది. ఎవరో మెల్లగా, "ఈ ఇల్లు వద్దు, అంకుల్ పోయారు కదా" అన్నారు. అడుగుల చప్పుడు పక్కింటి దాకా వెళ్లాక మళ్లీ పాట మొదలైంది. ఆ పిల్లలు మర్యాద కోసమే అలా చేశారు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ రాత్రి నేను ఎదురుచూసినది ఆ పాట కోసమే. ఇదే వీధిలో మరో సోదరి ఉంది, ఆమెకూ అదే ఏడాది భర్త పోయారు. వాళ్ల ఇంటి ముందు మాత్రం ఎవరో పెద్దలు "ఆమెను సంతోషపెట్టాలి" అని పట్టుబట్టి పాడించారు, కేకు కోయించారు, ఫొటో తీశారు. ఆమె వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. నాకు కావలసినది ఆమెకు పెట్టారు, ఆమెకు కావలసినది నాకు పెట్టారు. ఎందుకని? ఇద్దరిలో ఎవరినీ ఎవరూ అడగలేదు కనుక. యువజనుల నాయకులు ఇక్కడ ఉంటే వినండి నాయనా, పగటిపూట ఒక్క ఫోను చేయండి. "అమ్మా, ఈ రాత్రి మీ ఇంటి ముందు పాడమంటారా, వద్దంటారా?" అని అడగండి. అంతే చాలు.

ఇక విశ్వాసం సంగతి. మనలో దాదాపు అందరూ విన్న మాట ఒకటుంది. "విశ్వాసులం మనం, ఇంతగా ఏడవకూడదమ్మా." ఈ మాట అనేవారు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికను చూపిస్తారు. నాలుగో అధ్యాయంలో ఉన్న ఆ వాక్యాన్ని సగం చదివి ఆపేస్తారు. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని ఆయన రాశాడు. దుఃఖమే పడవద్దని ఆయన ఎక్కడ రాశాడు? నిరీక్షణ ఉన్నవారు నిరీక్షణతో ఏడుస్తారు, అయినా ఏడుస్తారు. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏం చేశాడు? ఇంకాసేపట్లో తానే అతన్ని పేరు పెట్టి బయటికి పిలవబోతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదా? తెలిసీ కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం కళ్ల ముందున్నా ఆయన ఏడ్చాడంటే, మనం ఏడవడం విశ్వాస లోపమని ఏ నోటితో అంటాం?

విశ్వాసులకు తండ్రి అని మనం పిలిచే అబ్రాహామును చూడండి. శారా నూట ఇరవై ఏడేళ్లకు హెబ్రోనులో కన్నుమూసింది. ఆదికాండం ఇరవై మూడో అధ్యాయంలో అబ్రాహాము భార్య కోసం అంగలార్చి ఏడ్చాడని ఉంది. దేవుని వాగ్దానం మీద నిలబడి సొంత ఊరు విడిచి వచ్చిన మనిషి, భార్య శవం పక్కన కూర్చుని ఏడ్చాడు. దేవుడు ఆయన్ని మందలించినట్టు అక్కడ ఒక్క మాట కూడా లేదు.

మరొక మాట కూడా చెప్పాలి. "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అని మన ఆదరణ కూడికల్లో తరచుగా అంటుంటాం. ఆ మాట ఎవరన్నారు? పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు అన్నాడు. తన దుఃఖాన్ని గురించి తానే అన్నాడు. అతని స్నేహితులు వచ్చి అతనితో అనలేదు. వాళ్లు మొదటి ఏడు రోజులూ నేల మీద కూర్చుని నోరెత్తలేదు. ఆ ఏడు రోజులూ వాళ్లు చేసినదే మంచి పరిచర్య అని నేను నమ్ముతాను, నోరు తెరిచాకే అంతా చెడింది. కనుక ఆ వాక్యం దుఃఖంలో ఉన్న మనిషి తన నోటితో అన్నప్పుడు స్తుతి అవుతుంది, పక్కవాళ్లు అన్నప్పుడు దెబ్బ అవుతుంది. అలాగే స్త్రీల సమాజపు క్రిస్మస్ కూడికలో, భర్త పోయి నాలుగు నెలలు కాని చెల్లిని నిలబెట్టి "సాక్ష్యం చెప్పమ్మా" అని అడగడం దయచేసి మానండి. సాక్ష్యం అనేసరికి అది విజయంతో ముగియాలని అందరూ చూస్తుంటారు. ఆ చెల్లికి ఇంకా ముగింపు రాలేదు. ఆమె ఏం చెబుతుంది?

ఇప్పుడు మీరు ఒక ప్రశ్న అడగవచ్చు. ఇదంతా నిజమే, కానీ క్రిస్మస్ అంటే మహా సంతోషకరమైన సువర్తమానం గదా, అందులో మన దుఃఖానికి చోటెక్కడిది అని. చోటుంది. మన ఆదివారపు బడి పిల్లలు వేసే నాటకంలో గొర్రెల కాపరులు ఉంటారు, జ్ఞానులు ఉంటారు, తెల్లబట్టలు కట్టిన దేవదూతలు ఉంటారు. నాటకంలోకి రాని మనుషులను గురించి ఎప్పుడైనా ఆలోచించారా? లూకా సువార్త రెండో అధ్యాయాన్ని కాపరుల దగ్గర ఆపకుండా ఇంకొంచెం చదవండి. శిశువును దేవాలయానికి తీసుకువెళ్లినప్పుడు సుమెయోను ఆ పసివాడిని చేతుల్లోకి తీసుకుని, తల్లితో ఏమన్నాడు? నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందన్నాడు. బాలింతతో అనే మాటేనా అది? అయినా లూకా దాన్ని దాచలేదు. ఆ వెంటనే ఎవరు వచ్చారు? అన్న అనే ప్రవక్త్రి వచ్చింది. పనూయేలు కుమార్తె, ఆషేరు గోత్రికురాలు. పెళ్లయిన ఏడేళ్లకే భర్త పోయాడు. ఎనభై నాలుగేళ్లు విధవరాలుగా ఉందని మన తెలుగు బైబిలులో ఉంది. ఆ వయసులో ఆమె దేవాలయం విడవకుండా, రాత్రింబగళ్లు ఉపవాసంతో ప్రార్థనతో ఉండేది. క్రిస్మస్ కథలో ఆ శిశువును గురించి యెరూషలేములో నలుగురికీ చెప్పిన స్త్రీ ఒక విధవరాలు. మన పెళ్లిళ్లలో విధవరాలిని ముందు వరుసలోంచి లేపి వెనక్కి పంపే ఆచారం ఇంకా మిగిలి ఉంది, మన సంఘాల్లో కూడా ఉంది, లేదని ఎవరూ అనవద్దు. సువార్తలో ఆమె ముందు వరుసలో ఉంది.

మత్తయి సువార్తకు వెళితే హేరోదు రాజు ఉన్నాడు, బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించిన సంగతి ఉంది, ఓదార్పు పొందనొల్లక పిల్లల కోసం ఏడ్చే తల్లి రాహేలు ఉంది. సంఘ క్యాలెండరులో డిసెంబరు 28 ఆ పసివాళ్ల జ్ఞాపక దినం. క్రిస్మస్‌కు మూడు రోజులకే. పూర్వకాలపు సంఘం ఏడుపును పండుగ లోపలే ఉంచింది.

మేమిద్దరం ప్రతి క్రిస్మస్‌కు జూబ్లీ బస్ స్టేషన్‌లో బస్సెక్కి మెదక్ చర్చికి వెళ్లేవాళ్లం. ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరవు కాలంలో ఆకలితో ఉన్నవారికి పని చూపించడానికి కట్టిన గుడి అని మా ఆయన ప్రతిసారీ చెప్పేవారు, నేను ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టు వినేదాన్ని. ఆయన పోయిన ఏడాది పండుగకు వెళ్లలేకపోయాను. జనవరిలో జనం లేని ఒక మామూలు పగటిపూట వెళ్లాను. అక్కడి రంగుటద్దాల కిటికీలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకదానిలో జననం, ఒకదానిలో సిలువ, ఒకదానిలో ఆరోహణం. ఎండ మూడింటి గుండానూ వస్తుంది. పండుగ రోజు తోపులాటలో నేను ఎప్పుడూ జననం కిటికీనే చూసేదాన్ని. ఆ రోజు సిలువ కిటికీ కింద చాలాసేపు కూర్చున్నాను. పండుగను మనం తేదీ మార్చి చేసుకోవచ్చు, దేవుడు క్యాలెండరు పట్టుకుని కూర్చోడు అని నాకు అక్కడ అర్థమయింది.

ప్రార్థన రాకపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. పాట పాడుదామంటే గొంతు రాదు, బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి గానీ లోపలికి పోవు. దేవుని మీద కోపం కూడా వస్తుంది. ఇది చెప్పుకోవడానికి మనం భయపడతాం. భయపడకండి. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చదవండి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు మొరతో మొదలై ఎక్కడో ఒకచోట స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటితోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనను దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడంటే, మన నోట వచ్చే అలాంటి ప్రార్థనను కూడా వింటాడనే గదా? మీకు మాటలు రానప్పుడు ఆ కీర్తన చదివి ఆమేన్ అనండి. అదీ రాకపోతే మీ పక్కన కూర్చున్నవారు పాడుతుంటే ఊరికే నిలబడండి. ఆ పూటకు మీ తరఫున సంఘం పాడుతుంది. సంఘం ఉన్నది అందుకే.

దుఃఖానికి అయిదు దశలుంటాయి, ఒక్కొక్కటీ దాటుకుంటూ పోవాలి అని కొందరు చెబుతారు. ఎలిసబెత్ క్యూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో ఆ అయిదు దశల సంగతి రాసింది మరణానికి దగ్గరైన రోగులను చూసి. మిగిలిపోయిన మనకు దాన్ని తర్వాత అంటగట్టారు. నేను చూసినంతలో ఎవరి దుఃఖమూ వరుసలో నడవదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పిన సంగతి నాకు మన అనుభవానికి దగ్గరగా అనిపిస్తుంది. తోడు పోయిన మనిషి కాసేపు పోయినవారి వైపు తిరుగుతాడు, కాసేపు ముందున్న బతుకు వైపు తిరుగుతాడు. ఒకే రోజులో ఎన్నోసార్లు ఇటూ అటూ తిరుగుతాడు, ఆ తిరగడమే ఆరోగ్యం అంటారు వాళ్లు. మళ్లీ అబ్రాహాము దగ్గరికి వెళదాం. ఏడ్చాడన్నాను గదా, ఆ తర్వాతి వచనంలో ఏం చేశాడు? భార్య శవం ఎదుట నుంచి లేచి, హేతు కుమారులతో సమాధి స్థలం బేరం మాట్లాడాడు. నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి, అందరి ముందూ మక్పేలా గుహ తన పేర చేయించుకున్నాడు. ఏడ్చినదీ ఆయనే, వెండి తూచినదీ ఆయనే. కనుక మనవడి అల్లరికి మీకు నవ్వొస్తే నవ్వండి. నవ్విన మరుక్షణం "అయ్యో, నేను నవ్వానే" అని గుండెలో కలుక్కుమంటుంది, నాకు తెలుసు. ఆ నవ్వు మీ ఆయనకు చేసిన ద్రోహం కాదు.

ఈ రోజు మా కాలనీ నుంచి హిందూ సోదరీమణులు కూడా వచ్చారు, వారికి ప్రత్యేకంగా వందనాలు. మీ ఇళ్లలో ఏటి సూతకం అని ఏడాది పాటు పండుగ చేయరు. మీతో మాట్లాడుతుంటే నాకు ఒకటి తోచింది. ఏడాది వరకు నీ నుంచి ఎవరూ పండుగ ఆశించరు అనే ఒక రక్షణ అందులో ఉంది. మా సంఘాల్లో ఆ గడువు లేదు. భూస్థాపన అయిన మూడో ఆదివారానికే "క్వయర్‌లోకి ఎప్పుడొస్తారమ్మా" అని అడుగుతారు. అయితే గడువు తీరిన తర్వాత కూడా బతుకమ్మ ఆడుతుంటే కిందికి దిగకుండా బాల్కనీలో నిలబడి చూసే అక్కలు మా అపార్టుమెంటులో ఉన్నారు. పూలు పేర్చే చేయి వాళ్లదే, ఆడటానికి మాత్రం రాకూడదు. ఏడ్చేందుకు సమయం ఇవ్వడం మంచిదే. ఆ మనిషి తిరిగి రావాలనుకున్నప్పుడు తలుపు మూసి ఉంటే మాత్రం అది అన్యాయం, ఏ మతంలో ఉన్నా అన్యాయమే.

వెనుక కూర్చున్న అన్నయ్యలతో రెండు మాటలు. ఆడవాళ్లం మేము ఎలాగో ఒకరి దగ్గర ఒకరం చెప్పుకుంటాం. మీరు చెప్పుకోరు. పైగా మన ఇళ్లలో పండుగను నడిపేది భార్య. ఏ ఇంటికి ఎన్ని గరిజెలు పంపాలి, ఎవరికి షుగరు ఉంది, ఎవరింట్లో ఈ ఏడు పాప పుట్టింది, ఇవన్నీ ఆమె తలలో ఉంటాయి. ఆమె పోతే ఆ ఇళ్లన్నిటితో మీకున్న దారి కూడా తెగిపోతుంది. మా సంఘంలో ఒక పెద్దాయనకు వంటింటి అలమరలో భార్య నోటు పుస్తకం దొరికింది. నూనె మరకలతో పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. ఒక పక్క పిండి, బెల్లం కొలతలు. మరో పక్క ఇళ్ల పేర్లు, పేర్ల ముందు టిక్కులు. ఆయనకు వంట రాదు. బేకరీలో కేకులు కొని, ఆ పుస్తకం చేతిలో పట్టుకుని ఆ పేర్ల వరుసలోనే ప్రతి ఇంటికీ నడిచి వెళ్లారు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి ఆమె గురించి ఏదో ఒకటి చెప్పారట. నాకు తెలియని సంగతులు ఎన్ని విన్నానో అన్నారు. పోయినవారి పేరు ఎత్తితే మనం బాధపడతామని జనం ఆ పేరు ఎత్తరు. ఎత్తకపోతేనే మనకు బాధ, అవునా కాదా?

పిల్లలతో ముందే మాట్లాడుకోండి. ఒకరు స్టార్ కట్టాలంటారు, ఒకరు నాన్న లేని ఇంటికి స్టార్ ఏమిటంటారు. ఇద్దరిదీ ప్రేమే. ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆ గొడవ పెట్టుకోకుండా ఇప్పుడే కూర్చుని తేల్చుకోండి. ఆరాధనకు వెళితే చివరి బెంచీలో కూర్చోండి, ఎప్పుడైనా లేచి రావచ్చు. నన్నడిగితే క్రిస్మస్ ఆరాధన కన్నా ముప్ఫై ఒకటో తేదీ వాచ్ నైట్ ఆరాధన గట్టిది. పన్నెండు కొట్టాక అందరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే, ఆయన బతికి ఉన్న చివరి సంవత్సరం వెనక్కి వెళ్లిపోయిందన్న బాధ ఒక్కసారిగా పైన పడుతుంది. ఆ రాత్రికి ఎవరో ఒకరిని పక్కన ఉండమని ముందే అడిగిపెట్టుకోండి.

నర్సుగా ఒక మాట. 1963లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం ఇంగ్లండు, వేల్సులలో భార్యలు పోయిన నాలుగు వేల మందికి పైగా పురుషులను పరిశీలిస్తే, మొదటి ఆరు నెలల్లో వారి మరణాలు ఆ వయసు వారిలో మామూలుగా ఉండేదానికన్నా నలభై శాతం ఎక్కువగా కనబడ్డాయి. దుఃఖం శరీరాన్ని తాకుతుంది. బీపీ మాత్ర, షుగరు మాత్ర పండుగ పేరు చెప్పి మానకండి, ఒక పూటైనా కూర్చుని అన్నం తినండి. ఏడాది దాటినా రోజులో ఎక్కువ భాగం అదే తలపు, నిద్ర లేక, ఏ పనీ చేయలేక ఉంటే అది చికిత్స ఉన్న స్థితి, వైద్యులను కలవండి. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు. వైద్యం చేయించుకోవడం ప్రార్థన మానడం కాదు.

ఇక చివరిగా, అయ్యగారి అనుమతితో ఒక ఏర్పాటు. విదేశాల్లో కొన్ని సంఘాలు డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన రాత్రిన, దుఃఖంలో ఉన్నవారి కోసం ఒక ఆరాధన జరుపుతాయి. ఈ ఏడు మనమూ ఆ రోజు సాయంత్రం ఆరు గంటలకు ఇదే హాలులో కూడుకుంటాం. ప్రసంగం ఉండదు, సాక్ష్యాలు ఉండవు. ప్రవక్త్రి అన్నను గురించిన వాక్యభాగం చదువుతాం, పోయినవారి పేర్లు చదువుతాం, ఒక్కొక్క పేరుకు ఒక కొవ్వొత్తి వెలిగిస్తాం. తలుపు దగ్గర బల్ల మీద కాగితాలు, పెన్నులు ఉన్నాయి. మీ భర్త పేరో భార్య పేరో ఇంటిపేరుతో సహా రాసి పెట్టండి. ఏ సంఘమైనా, ఏ మతమైనా ఫరవాలేదు. పేరు చదవాలి గానీ నేను రాలేను అనుకునేవారు కింద ఆ సంగతి రాయండి, మీ బదులు నేను వెలిగిస్తాను. చదవవద్దనుకుంటే రాయకుండానే వెళ్లవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. ఇప్పుడు టీ ఉంది. ఏదైనా అడగాలనుకునేవారు నా దగ్గరికి రండి, వినడానికి నేను ఇక్కడే కూర్చుంటాను.